కళాశాల చదువు మనిషిలో ఏం మారుస్తుంది? వ్యక్తిత్వం, లక్ష్యాలపై ఒక సమీక్ష

పదిహేడు, పద్దెనిమిదేళ్ల వయసులో కళాశాలలో చేరిన విద్యార్థులు ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్లకు పట్టా పుచ్చుకుని బయటికి వస్తారు. ఈలోగా వాళ్ల మాటతీరు, స్నేహాలు, నమ్మకాలు, డబ్బును చూసే చూపు, పెళ్లి గురించిన ఆలోచన, ఇంట్లో పెద్దలతో వాదించే పద్ధతి అన్నీ మారతాయి. ఈ మార్పులో కళాశాల వాటా ఎంత, వయసు వాటా ఎంత అన్నది తొమ్మిది దశాబ్దాలుగా పరిశోధకులు తేల్చడానికి ప్రయత్నిస్తున్న ప్రశ్న. కాలేజీ గడప తొక్కని కుర్రవాడు కూడా మెకానిక్ షెడ్డులోనో, పొలంలోనో, బట్టల కొట్లోనో నాలుగేళ్లు గడిపి పెద్దవాడవుతాడు. చదువుకున్నవాళ్లలో కనిపించిన ప్రతి మంచీ చదువు వల్లే వచ్చిందనుకుంటే లెక్క తప్పుతుంది.

ప్రశ్న చిన్నదేమీ కాదు. కేంద్ర విద్యాశాఖ జరిపే అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం 2021-22లో దేశంలో 4.33 కోట్ల మంది ఉన్నత విద్యలో ఉన్నారు. పద్దెనిమిది నుంచి ఇరవై మూడేళ్ల జనాభాతో పోల్చి చూసే స్థూల నమోదు నిష్పత్తి దేశం మొత్తానికి 28.4 కాగా తెలంగాణలో అది 40, ఆంధ్రప్రదేశ్‌లో 36.5. తెలుగు కుటుంబాలు చదువు మీద పెట్టే ఆశ, అందుకోసం అమ్మే పొలం, చేసే అప్పు ఈ అంకెల వెనక ఉన్నాయి. అంత పెట్టుబడి పెట్టిన చోట మార్కుల జాబితా తప్ప ఇంకేం చేతికొస్తోందని అడగడం న్యాయమే.

పరిశోధన ఎక్కడ మొదలైంది

ఈ విషయం మీద తొలి గట్టి అధ్యయనం అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో, బెనింగ్టన్ అనే చిన్న మహిళా కళాశాలలో జరిగింది. అక్కడ పాఠం చెప్పే థియోడర్ న్యూకోంబ్ 1930ల రెండో సగంలో విద్యార్థినుల రాజకీయ అభిప్రాయాలను ఏటేటా నమోదు చేశాడు. ఆ అమ్మాయిలు ఎక్కువగా డబ్బున్న, సంప్రదాయవాద కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు. అధ్యాపకులేమో ఎక్కువమంది ఉదారవాదులు. 1936 అధ్యక్ష ఎన్నికల సమయంలో మొదటి ఏడాది వాళ్లలో 62 శాతం రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ వైపు ఉంటే, పై తరగతుల్లో ఆ వాటా 15 శాతానికి పడిపోయింది. న్యూకోంబ్ అంతటితో వదల్లేదు. పాతికేళ్ల తర్వాత అదే స్త్రీలను వెతికి పట్టుకుని మళ్లీ అడిగితే, ఎక్కువమంది కళాశాలలో ఏర్పరచుకున్న అభిప్రాయాల దగ్గరే నిలిచి ఉన్నారు. దానికి కారణం పుస్తకాలు కావని ఆయన తేల్చాడు. కళాశాలలో ఎవరి మెప్పు కోరుకున్నారు, బయటికొచ్చాక ఎవరిని పెళ్లి చేసుకున్నారు, ఎవరితో స్నేహం చేశారు అన్నదే అభిప్రాయాన్ని నిలబెట్టింది. కాలేజీలో చేరినా మనసంతా ఇంటి దగ్గరే ఉంచుకున్న అమ్మాయిలు పెద్దగా మారలేదన్నది కూడా ఆయన గమనించిన విషయమే.

హార్వర్డ్‌లో విలియం పెర్రీ వేరే దారి పట్టాడు. విద్యార్థులను ఏటా చివర్లో కూర్చోబెట్టి, ఆ సంవత్సరంలో గుర్తుండిపోయిందేమిటో చెప్పమనేవాడు. ఆ సంభాషణల నుంచి 1970లో ఆయన ప్రచురించిన పుస్తకంలో ఆలోచన ఎదిగే తొమ్మిది మెట్లు కనిపిస్తాయి. కొత్తగా వచ్చినవాళ్లకు ప్రతి ప్రశ్నకూ ఒక సరైన జవాబు ఉంటుంది, అది మేష్టారికి తెలుసు. కొంతకాలానికి మేష్టార్లలోనే ఏకాభిప్రాయం లేదని తెలుస్తుంది. అప్పుడు ఎవరి అభిప్రాయం వాళ్లది, ఏదైనా ఒకటే అనిపిస్తుంది. ఆ తర్వాత గానీ అన్ని అభిప్రాయాలూ సమానం కావు, ఆధారం చూడాలి అన్న గ్రహింపు రాదు. చివరి మెట్టు మీద, పూర్తి నిశ్చయం ఎన్నటికీ దొరకదని తెలిసీ ఒక వైపు నిలబడతారు. పెర్రీ మాట్లాడింది ఎక్కువగా మగపిల్లలతో. ఆ లోటు తీర్చడానికి మేరీ బెలెంకీ, ఆమె సహచరులు 1986లో స్త్రీల అనుభవం మీద విడిగా పుస్తకం రాశారు. తమకూ ఒక గొంతు ఉందని తెలుసుకోవడమే చాలామంది స్త్రీలకు మొదటి మెట్టు అని వాళ్లు చూపించారు. మన తరగతి గదుల్లో వెనక బెంచీలో కూర్చుని మూడేళ్లలో ఒక్క ప్రశ్నయినా అడగని అమ్మాయిలను ఎరిగినవారికి ఇది కొత్త సంగతి కాదు.

ఆర్థర్ చికరింగ్ 1969లో ఎదుగుదలను ఏడు దిశలుగా విడదీశాడు. సమర్థత, భావోద్వేగాల మీద అదుపు, స్వతంత్రత, పరిణతి గల సంబంధాలు, గుర్తింపు, జీవిత లక్ష్యం, నిజాయితీ అనేవి ఆ ఏడు. ఇవి ఒకదాని వెంట ఒకటి క్రమంగా వచ్చే తరగతులు కావు. ఒకే విద్యార్థి ఒక దిశలో చాలా దూరం పోయి, మరో దిశలో మొదటి అడుగు దగ్గరే ఆగిపోవచ్చు. జాతీయ స్థాయి కోడింగ్ పోటీలో గెలిచి, హాస్టల్ గదిలో తోటివాడితో మాట పట్టింపు వస్తే ఇంటికి ఫోన్ చేసి నాన్నను పిలిపించుకునే కుర్రవాడు అందుకు మంచి ఉదాహరణ.

లక్ష్యాల విషయంలో అన్నిటికన్నా పదునైన పరిశీలన జేమ్స్ మార్షియాది. యువత తమ గుర్తింపును తేల్చుకునే తీరును ఆయన 1966లో నాలుగు రకాలుగా చూపించాడు. వెతికి, తడబడి, చివరికి ఒక నిర్ణయానికి వచ్చినవాళ్లు ఒకరు. ఇంకా వెతుకులాటలో ఉన్నవాళ్లు మరొకరు. వెతకనూ వెతకక, నిర్ణయించుకోనూ నిర్ణయించుకోక కాలం గడిపేవాళ్లు మూడో రకం. నాలుగో రకం వాళ్లు ఏమీ వెతకకుండానే నిర్ణయించేసుకుంటారు. పెద్దలు చూపించిన దారినే తమ దారిగా తీసుకుంటారు. బయటికి వీళ్లే అందరికన్నా స్థిరంగా, గురి ఉన్నవాళ్లుగా కనిపిస్తారు. తెలుగు నేల మీద కళాశాల ప్రభావాన్ని అర్థం చేసుకోవాలంటే ఈ నాలుగో రకాన్ని గుర్తుపెట్టుకోవాలి.

వెయ్యికి పైగా అధ్యయనాలను ఒకచోట చేర్చి చూసే పెద్ద సమీక్షలు కూడా వచ్చాయి. కెన్నెత్ ఫెల్డ్‌మన్, న్యూకోంబ్ కలిసి 1969లో ఒకటి రాస్తే, ఎర్నెస్ట్ పాస్కరెల్లా, పాట్రిక్ టెరెన్‌జీనీ 1991లోనూ, మళ్లీ 2005లోనూ మరింత విస్తారంగా రాశారు. వీటిలో తేలిన ఒక్క మాట కౌన్సెలింగ్ రోజుల్లో తెలుగు తల్లిదండ్రులందరూ వినదగ్గది. ఏ కళాశాలలో చదివారన్నదానికన్నా, చేరిన కళాశాలలో ఏం చేశారన్నదే మనిషిని ఎక్కువగా మారుస్తుంది. విద్యార్థులు చేరే ముందే తెచ్చుకున్న తేడాలను లెక్కలోంచి తీసేస్తే, కళాశాలకూ కళాశాలకూ మధ్య కనిపించే అంతరం చాలామంది ఊహించినదాని కన్నా తక్కువ. ఒకే కళాశాలలో ఇద్దరు విద్యార్థుల మధ్య కనిపించే అంతరం మాత్రం పెద్దది. అలెగ్జాండర్ ఆస్టిన్ 1984లో ప్రతిపాదించిన నిమగ్నత సిద్ధాంతం కూడా ఇదే చెబుతుంది. చదువులో, తోటివారితో, అధ్యాపకులతో, కళాశాల పనుల్లో ఎంత శక్తి, ఎంత సమయం పెడితే అంత ఎదుగుదల. ఉద్యోగాలకు పేరున్న కళాశాల తలుపులు త్వరగా తెరుస్తుందన్నది నిజమే. అయితే అది జీతం లెక్క. ఎదుగుదల లెక్క వేరు.

అధ్యాపకుల మాటకొస్తే, గాలప్ సంస్థ, పర్డ్యూ విశ్వవిద్యాలయం 2014లో ముప్పై వేల మందికి పైగా అమెరికన్ పట్టభద్రులను ప్రశ్నించాయి. మనిషిగా తమను పట్టించుకున్న అధ్యాపకులు, నేర్చుకోవాలన్న ఉత్సాహం పుట్టించిన ఒక గురువు, తమ కలలను ప్రోత్సహించిన ఒక మార్గదర్శి ఉన్నవాళ్లు ఆ తర్వాతి జీవితంలోనూ, ఉద్యోగంలోనూ మెరుగ్గా ఉన్నట్టు తేలింది. ఈ మూడూ దొరికాయన్నవాళ్లు 14 శాతం మాత్రమే. ఇది ఎవరి జ్ఞాపకాన్ని వాళ్లు చెప్పుకున్న సర్వే కాబట్టి కొంత జాగ్రత్తగానే తీసుకోవాలి. సంతృప్తిగా ఉన్నవాళ్లకు పాత గురువులు ఇంకా మంచివాళ్లుగా గుర్తుండవచ్చు.

మన కళాశాలల చరిత్ర చెప్పేది

తెలుగువారి అనుభవంలో కళాశాల మొదటి నుంచీ పాఠాల కన్నా మనుషుల వల్లే గుర్తుండిపోయింది. కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు 1904 నుంచి 1919 వరకు ప్రిన్సిపాలుగా ఉన్న రఘుపతి వెంకటరత్నం నాయుడు ఇందుకు పెద్ద సాక్ష్యం. బ్రహ్మసమాజ భావాలతో, కులభేదం పాటించకుండా, ఆడపిల్లలకూ దళిత విద్యార్థులకూ ప్రవేశం కల్పించిన ఆ ప్రిన్సిపాలు ప్రభావం దేవులపల్లి కృష్ణశాస్త్రి మీదా, చలం మీదా పడింది. ఆ ఇద్దరూ తర్వాత నడిచిన దార్లు ఒకదానికొకటి పోలిక లేనివి. ఒకే గురువు దగ్గర కూర్చున్న ఇద్దరు విద్యార్థులు ఒకేలా తయారు కారు. గురువు ఇచ్చేది ప్రశ్నించే అలవాటైనప్పుడు అలా కాకపోవడమే సహజం.

లక్ష్యం ఏర్పడటంలో యాదృచ్ఛికత ఎంత ఉంటుందో సర్వేపల్లి రాధాకృష్ణన్ జీవితంలో కనిపిస్తుంది. డిగ్రీ ముగించిన బంధువు ఒకరు తన తత్వశాస్త్ర పుస్తకాలు ఇచ్చేయడం, కొత్త పుస్తకాలకు డబ్బు లేకపోవడం వల్ల ఆయన ఆ శాస్త్రం వైపు వచ్చారు. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో మిషనరీ అధ్యాపకులు హిందూ తత్వం మీద చేసిన విమర్శ ఆయన్ను కలవరపెట్టింది. దానికి జవాబు వెతుక్కునే ప్రయత్నంలోనే వేదాంతంలో నీతి అన్న విషయం మీద ఎం.ఏ. వ్యాసం రాశారు. తనతో ఏకీభవించని అధ్యాపకుల దగ్గర చదువుకోవడం విద్యార్థికి ఎంత మేలు చేస్తుందో ఇంతకన్నా బాగా చెప్పే సందర్భం అరుదు. 1931లో ఆయనే ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు.

దెబ్బ తగిలి దారి మళ్లినవాళ్లూ ఉన్నారు. యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజుల్లో గాంధీ పిలుపు విని ఖద్దరు దుస్తులతో శస్త్రచికిత్స తరగతికి వెళ్లేవారు. ఆ శాఖ ఆచార్యుడికి అది గిట్టలేదు. ఫలితంగా పూర్తి స్థాయి ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. చేతికొచ్చింది. ప్రభుత్వ వైద్య సర్వీసు దారి మూసుకుపోయి, మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, చివరికి హార్వర్డ్ వెళ్లిపోయారు. అక్కడ జీవకణాల శక్తి మీద, ఆ తర్వాత లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లం మీద, క్యాన్సర్ మందుల మీద ఆయన చేసిన పని ప్రపంచానికి తెలుసు. ఆ అన్యాయం వల్లే ఆయన గొప్పవారయ్యారని అనడం తప్పు. అలాంటి దెబ్బ తిని మరుగున పడిపోయినవాళ్ల పేర్లు చరిత్రలో ఉండవు.

రాజకీయ స్పృహకు కళాశాలే ఆటపట్టు అయిన సందర్భాలు తెలుగునాట చాలా ఉన్నాయి. 1907లో బిపిన్ చంద్రపాల్ ఉపన్యాసాల తర్వాత రాజమండ్రి ట్రైనింగ్ కళాశాలలో రేగిన వందేమాతరం అలజడిలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు చదువు పోగొట్టుకున్నారు. ఆ తర్వాత పత్రికా రచయితగా, గ్రంథాలయోద్యమ నాయకుడిగా ఎదిగారు. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ హాస్టళ్లలో వందేమాతరం పాడరాదన్న నిషేధం మీద సమ్మె జరిగింది. బహిష్కరణకు గురైన విద్యార్థులకు నాగపూర్ విశ్వవిద్యాలయం చోటిచ్చింది. ఆ ఉద్యమం వల్ల హైదరాబాద్ రాజ్యం విడిచి నాగపూర్ చేరినవాళ్లలో పి.వి. నరసింహారావు ఒకరు. 1969లో, 2009లో తెలంగాణ ఉద్యమాలకు ఉస్మానియా కేంద్రమైన తీరు ఇప్పటి తరానికీ తెలుసు. విద్యార్థి రాజకీయం కొందరిని నాయకులను చేసింది. కొందరి చదువును మింగేసింది. ఉస్మానియా విద్యార్థి నాయకుడు జార్జిరెడ్డి లాంటివారి ప్రాణమే తీసింది. 1972 ఏప్రిల్ 14న ఆయన హత్య జరిగిన ఆ ప్రాంగణంలోనూ, అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాల ఇతర ప్రాంగణాల్లోనూ 1980ల చివర నుంచి విద్యార్థి సంఘాలకు ప్రత్యక్ష ఎన్నికలు ఆగిపోయాయి. హింస తగ్గిందన్నది ఆ నిర్ణయానికి సమర్థన. ఓటు అడగడం, ఓడిపోవడం, ఓడించినవాడితో మర్నాడు టీ తాగడం నేర్చుకునే చోటు పోయిందన్నది దాని మీద ఉన్న విమర్శ. రెండూ నిజాలే.

చేరకముందే ఖాయమైన గమ్యం

ఇప్పటి తెలుగు విద్యార్థి ప్రత్యేకత ఏమిటంటే, లక్ష్యం కళాశాలలో పుట్టదు. కళాశాలే ముందే ఖాయమైన లక్ష్యంలో ఒక మజిలీ. ఎంపీసీనా, బైపీసీనా అన్నది పదో తరగతి ఫలితాలు రాకముందే, కొన్ని ఇళ్లలో ఎనిమిదో తరగతిలో ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్‌లో చేర్చినప్పుడే తేలిపోతుంది. ఇంటర్ రెండేళ్లూ ఉదయం స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే రెసిడెన్షియల్ క్యాంపస్‌లో గడుస్తాయి. వారాంతపు పరీక్ష, దాని ర్యాంకు, ర్యాంకును బట్టి మారే సెక్షను తప్ప అక్కడ వేరే లోకం ఉండదు. 1986లో మొదలైన ఎంసెట్, దాని తర్వాతి రూపాలు లక్షల మంది కుటుంబాలకు ఒకే వరుసను, ఒకే కొలతను ఇచ్చాయి. 2008 ప్రాంతంలో వచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం పేద ఇళ్ల పిల్లలకు ఇంజనీరింగ్ తలుపు తెరిచింది. ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కళాశాలలు దాదాపు ఏడు వందలకు చేరాయి. మొదటిసారి ఇంట్లో ఒకరు ఇంజనీరు కావడం వేల కుటుంబాల స్థితిని మార్చింది. ఆ పథకం చేసిన ఈ మేలును తక్కువ చేసి మాట్లాడటం సబబు కాదు.

మార్షియా చెప్పిన నాలుగో రకం ఇక్కడే కనిపిస్తుంది. వెతకకుండా తీసుకున్న నిర్ణయంతో చేరిన విద్యార్థికి కళాశాల చేయగల అసలు మేలు, ఆ నిర్ణయాన్ని ఒకసారి విప్పి చూసుకునే అవకాశం ఇవ్వడం. మెకానికల్ చదువుతూ నాటకాల మీద మనసు పడినవాడికీ, కంప్యూటర్ సైన్స్‌లో ఉండి గ్రూప్స్ రాయాలనిపించిన అమ్మాయికీ, ఇంజనీరింగే తనకు తగినదని రెండోసారి ఆలోచించుకుని మరీ తేల్చుకున్నవారికీ ఆ అవకాశం సమానంగా ఉపయోగపడుతుంది. చాలా కళాశాలలు దాన్ని ఇవ్వవు. డెబ్బై ఐదు శాతం హాజరు, ఇంటర్నల్స్, ల్యాబ్ రికార్డులు, బ్యాక్‌లాగ్‌లు, డిటెన్షన్ భయం, మూడో సంవత్సరం నుంచి ప్లేస్‌మెంట్ శిక్షణ. ఇంటర్ క్యాంపస్ నడిపిన తీరులోనే మరో నాలుగేళ్లు. చివరి సెమిస్టర్ ప్రాజెక్టును అమీర్‌పేటలో డబ్బిచ్చి కొనుక్కుని, ముందురోజు రాత్రి బట్టీపట్టి వైవాకు వెళ్లడం ఎవరికీ ఆశ్చర్యం కలిగించని స్థితి. విద్యార్థి సొంతంగా ఒక పనిని మొదలుపెట్టి, చెడగొట్టి, బాగుచేసి పూర్తిచేసే ఒకే ఒక అవకాశం అలా చేజారుతుంది.

దీని ఫలితం అంతర్జాతీయ కొలతల్లో కూడా కనిపించింది. చైనా, భారత్, రష్యా, అమెరికాల్లో కంప్యూటర్, ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ విద్యార్థులు వేల సంఖ్యలో పాల్గొన్న అధ్యయనం 2021లో వెలువడింది. భారత విద్యార్థులు మొదటి రెండేళ్లలో గణితం, భౌతికశాస్త్రం వంటి చదువు నైపుణ్యాల్లో ముందుకు పోయారు. తార్కికంగా, విమర్శనాత్మకంగా ఆలోచించే శక్తి మాత్రం నాలుగేళ్లలో పెరగలేదు. పెర్రీ భాషలో చెప్పాలంటే, ప్రతి ప్రశ్నకూ ఒకే జవాబు ఉంటుందనుకునే మొదటి మెట్టు మీదే పట్టా చేతికొస్తోంది. నాలుగు ఆప్షన్లలో ఒకటి ఎంచుకోవడంలో ఆరేళ్ల శిక్షణ పొందిన బుర్రకు ఐదో జవాబు తట్టకపోవడంలో వింత లేదు.

గది స్నేహితులు, హాస్టళ్లు

అధ్యాపకుల కన్నా తోటివారి ప్రభావం బలమైనదని చాలా అధ్యయనాలు అంటాయి. దీన్ని నిరూపించడం కష్టం. ఎందుకంటే ఒకేలాంటివాళ్లే స్నేహితులవుతారు. అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో కొత్త విద్యార్థులకు హాస్టల్ గదులు దాదాపు చీటీ వేసినట్టు కేటాయించడం బ్రూస్ సాసెర్‌డోట్ అనే ఆర్థికవేత్తకు కలిసొచ్చింది. 2001లో ఆయన ప్రచురించిన ఫలితాల ప్రకారం గది స్నేహితుడి ప్రభావం మార్కుల మీదా, ఏ విద్యార్థి బృందంలో చేరాలన్న నిర్ణయం మీదా కనిపించింది. ఏ శాస్త్రం చదవాలన్న పెద్ద నిర్ణయం మీద కనిపించలేదు. స్నేహితులు అలవాట్లను మార్చినంత సులువుగా గమ్యాన్ని మార్చలేరన్నమాట. మన దగ్గర ఈ తీర్పు పూర్తిగా వర్తిస్తుందా అన్నది సందేహమే. ఎమ్మెస్‌కు అమెరికా వెళ్లాలన్న నిర్ణయం తెలుగు ఇంజనీరింగ్ హాస్టళ్లలో ఒక గది నుంచి మరో గదికి, సీనియర్ల నుంచి జూనియర్లకు పాకడం కళ్లెదుట కనిపించేదే. 2023-24లో అమెరికాలో చదివే భారతీయ విద్యార్థులు 3.31 లక్షలు దాటి చైనాను మించిపోయారు. అందులో తెలుగువారి వాటా పెద్దది.

హాస్టలు అంటే మంచం, మెస్ మాత్రమే కాదన్నది హైదరాబాద్‌కు వందేళ్లుగా తెలుసు. 1918లో ఏర్పడిన రెడ్డి హాస్టల్ బాధ్యతలు చూసిన సురవరం ప్రతాపరెడ్డి అక్కడి విద్యార్థులకు గ్రంథాలయాన్ని, తెలుగు మీద మమకారాన్ని, ప్రజాజీవితాన్ని దగ్గర చేశారు. కులం పేరుతో ఏర్పడిన హాస్టళ్లు పల్లె నుంచి వచ్చినవారికి పట్నంలో నీడనిచ్చాయి. అదే సమయంలో సొంత కులం దాటి స్నేహాలు పెరగకుండా గోడలూ కట్టాయి. ప్రభుత్వ సాంఘిక సంక్షేమ హాస్టళ్లు లేకపోతే దళిత, ఆదివాసీ పిల్లల్లో ఒక తరం డిగ్రీ గడప తొక్కేది కాదు. హాస్టల్ జీవితంలోని ఒంటరితనాన్నీ, ఆత్మన్యూనతనూ, కోరికనూ, పేదరికాన్నీ తెలుగులో దగ్గరగా చూపిన నవల నవీన్ రాసిన అంపశయ్య. 1969లో వెలువడిన ఈ పుస్తకం ఉస్మానియా విద్యార్థి ఒకడి ఒకే ఒక్క రోజును అతని మనసులోంచి చెబుతుంది. విద్యార్థి మనస్తత్వం మీద పాఠ్యపుస్తకాలు చెప్పేదంతా అందులో ఉంది.

డే స్కాలర్ల సంగతి వేరు. పొద్దున్నే కాలేజీ బస్సు, సాయంత్రం అదే బస్సు. పరిశోధనలు నివాస విద్యార్థులకు మొగ్గు చూపడానికి కారణం గోడలు కావు, తరగతి ముగిశాక కూడా మిగిలే సమయం. 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ఎక్కువగా పల్లెటూరి ప్రభుత్వ బడుల పిల్లలను పదో తరగతి తర్వాత నేరుగా చేర్చుకుని, ఆరేళ్ల పాటు ప్రాంగణంలోనే ఉంచి చదివిస్తుంది. పదిహేనేళ్లకే ఇల్లు విడవడం కొందరికి రెక్కలిచ్చింది, కొందరికి మోయలేని బరువైంది.

మొదటి తరం విద్యార్థులు

ఇంట్లో ముందెవరూ కాలేజీ చదవని పిల్లలకు ఈ అనుభవం రెట్టింపు తీవ్రంగా ఉంటుంది. క్రెడిట్ అంటే ఏమిటో, ఇంటర్న్‌షిప్‌కు ఎవరిని అడగాలో, అధ్యాపకుడి గదిలోకి ఎలా వెళ్లాలో చెప్పేవాళ్లుండరు. తెలుగు మాధ్యమంలో పదో తరగతి వరకు ఫస్టు వచ్చినవాళ్లు ఇంగ్లీషు తరగతిలో నోరు విప్పలేక, తమకు తెలివి తక్కువని నమ్మడం మొదలుపెడతారు. ఆ నమ్మకం పోవడానికి పట్టే కాలమే చాలామంది మొదటి ఏడాది బ్యాక్‌లాగ్‌లకు కారణం. అమెరికాలో విన్సెంట్ టింటో 1975లో చెప్పింది ఇదే. చదువు మధ్యలో మానేసేవాళ్లు మార్కులు రాక మాత్రమే మానరు, ఆ చోటు తమది అనిపించక మానేస్తారు.

రిజర్వేషన్ మీద వచ్చినవాళ్లు ఆ చదువు అందుకోలేక నష్టపోతారన్న వాదన తరచూ వినిపిస్తుంది. భారతదేశంలో 200కు పైగా ఇంజనీరింగ్ కళాశాలల ప్రవేశాలను పరిశీలించి, 2016లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో వచ్చిన అధ్యయనానికి దీనికి ఆధారం దొరకలేదు. కోటా వల్ల ఆ వర్గాల పిల్లలు, ఆడపిల్లలు మెరుగైన కళాశాలల్లో చేరారు, అందువల్ల హాని జరిగిన గుర్తు లేదు. హాని వేరే వైపు నుంచి వస్తుంది. తోటివారి వెక్కిరింత, ల్యాబ్ బృందంలో చేర్చుకోకపోవడం, ర్యాంకు అడిగి కులం ఆరా తీయడం. 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణం ఈ మాటను దేశమంతా వినేలా చేసింది.

ఆడపిల్లల విషయంలో మార్పు పెద్దది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్లి వచ్చాక ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరబోతే, ఆడపిల్లలకు హాస్టలు లేదన్నారు. ఆమె పత్రికలో ప్రకటన ఇచ్చి, చదవాలనుకునే అమ్మాయిలను పోగుచేసి హాస్టలు నడిపించి మరీ చదివారు. ఇప్పుడు 2021-22 లెక్కల్లో దేశంలో అమ్మాయిల నమోదు నిష్పత్తి 28.5, అబ్బాయిల 28.3. చేరడంలో సమానమయ్యారు. కాని హాస్టల్ గేటు మూసే సమయం, లైబ్రరీకి వెళ్లనిచ్చే సమయం, చదువయ్యాక పెళ్లా ఉద్యోగమా అన్న ప్రశ్న ఇప్పటికీ ఇద్దరికీ ఒకటి కావు.

బరువు, భయం

ఈ వయసులోనే మనసు ఎక్కువగా కుంగుతుంది కూడా. జాతీయ నేర నమోదు సంస్థ 2022 నివేదికలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నట్టుంది. ఇందులో బడి, ఇంటర్, డిగ్రీ అందరూ ఉన్నారు. విద్యార్థులను భయపెట్టేవాటిలో ఒకటైన ర్యాగింగ్‌ను ఆంధ్రప్రదేశ్ 1997లోనే చట్టంతో నిషేధించింది, 2009లో యూజీసీ దేశమంతటికీ నిబంధనలు తెచ్చింది. బయటికి కనిపించే ర్యాగింగ్ తగ్గింది, వాట్సాప్ గ్రూపుల్లోకి మారిన భాగాన్ని కొలిచేవాళ్లు లేరు. ఒత్తిడిలో ఉన్నవాళ్లు కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళయినా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

లక్ష్యాలు ఎలా మారతాయి

అన్నీ కళాశాలకే అంటగట్టకూడదని చెప్పే ఆధారం ఆస్టిన్ 1966లో మొదలుపెట్టిన అమెరికన్ ఫ్రెషర్ల సర్వేలో ఉంది. 1960ల చివర్లో ఎనభై శాతానికి పైగా విద్యార్థులు జీవితానికి ఒక అర్థం, ఒక తాత్విక దృష్టి ఏర్పరచుకోవడం ముఖ్యమన్నారు. బాగా డబ్బు సంపాదించడం ముఖ్యమన్నవాళ్లు సగం కన్నా తక్కువ. రెండు దశాబ్దాల్లో ఈ వరుస తలకిందులైంది. ఆ పిల్లలు ఇంకా కళాశాలలో చేరినవాళ్లు మాత్రమే, చదివినవాళ్లు కారు. గమ్యాన్ని కాలం, మార్కెట్, ఇల్లు ముందే నిర్ణయించి పంపుతాయి. కళాశాల దాన్ని సవరించగలదు, సానపట్టగలదు, ఒక్కోసారి విరగ్గొట్టగలదు.

సవరించే పనిలో తరగతి బయటి అనుభవానికి బలం ఎక్కువ. గాంధీ శతజయంతి ఏడాది 1969లో 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైన ఎన్.ఎస్.ఎస్. కింద పల్లెకు వెళ్లి వారం రోజులు ఉన్న విద్యార్థుల్లో కొందరు అక్కడే తమ పని ఏమిటో తెలుసుకున్నారు. చాలామంది సర్టిఫికెట్ కోసం వెళ్లి ఫొటో దిగి వచ్చారు. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ పాఠ్యక్రమంలో 2020-21 నుంచి పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది తర్వాత రెండు నెలలు ఊళ్లో చేసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత మరో రెండు నెలలు, చివర్లో ఒక సెమిస్టర్ మొత్తం. కాగితం మీద ఇది పెర్రీ, చికరింగ్, ఆస్టిన్ ముగ్గురూ ఒప్పుకునే ఏర్పాటు. సొంత వార్డులో తాగునీటి మీద ఇంటింటికీ తిరిగి లెక్క రాసిన విద్యార్థికి పుస్తకంలో లేని ప్రశ్న ఎదురవుతుంది. ఆ లెక్కను చదివి, ఇక్కడ నీ నిర్ధారణకు ఆధారం ఏదీ అని అడిగే అధ్యాపకులు ఉంటేనే అది చదువవుతుంది. అడిగేవాళ్లు లేకపోతే పీడీఎఫ్ ఒకరి నుంచి ఒకరికి చేరి, పేరు మారి, మార్కులు పడతాయి.

తోటివారి ప్రభావం ఎంత బలమైనదైనా, ఈ రంగంలో జరిగిన పరిశోధనలో చాలాభాగం చుట్టూ తిరిగి విద్యార్థిని పేరు పెట్టి ఎరిగిన అధ్యాపకుల దగ్గరికి వస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో, డిగ్రీ కళాశాలల్లో బోధనా పోస్టులు పెద్ద సంఖ్యలో ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నాయి. పీరియడ్‌కు ఇంతని జీతం తీసుకునే అతిథి అధ్యాపకులు, ఏటా రెన్యువల్ కోసం ఎదురుచూసే కాంట్రాక్టు అధ్యాపకులు ఆ పని నెట్టుకొస్తున్నారు. వచ్చే ఏడాది ఈ కాలేజీలో ఉంటారో లేదో తెలియనివారు మూడేళ్ల పాటు ఒక విద్యార్థి ఎదుగుదలను కనిపెట్టి ఉండలేరు. కొత్త పాఠ్యక్రమాలు, కొత్త క్రెడిట్ విధానాలు, కొత్త పోర్టళ్లు ప్రకటించే ముందు ప్రభుత్వాలు ఆ పోస్టులు భర్తీ చేయాలి.